చేనులోని బూజును బతకనిద్దాం

(ఎల్లారెడ్డిలో జరిగిన రైతుల సమావేశంలో సంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)





మనం కూడినప్పుడల్లా మద్దతు ధర గురించి, కాంటాలో తరుగు గురించి, కరెంటు గురించి మాట్లాడుకుంటాం. 2023 జనవరిలో కామారెడ్డి మాస్టర్ ప్లాన్‌లో పంట భూములను పరిశ్రమల జోన్ కింద చూపిస్తే భూమి కోసం రోడ్డెక్కాం. ఈరోజు మాత్రం బూజు గురించి మాట్లాడతామని చెప్తే మనవాళ్లే కొందరు నవ్వారు. "పండుగకు ఇల్లు దులిపితే వచ్చే బూజా కాకా?" అని ఒక తమ్ముడు అడిగాడు. కాదు. పచ్చడి జాడీకి తడి తగిలితే పడుతుంది చూడండి, ఆ జాతి బూజు. పుస్తకాల్లో శిలీంద్రం అంటారు. పంటకు పట్టే శిలీంద్రాలు మనకు తెలుసు, అగ్గితెగులు, పొడతెగులు అన్నీ అవే. పురుగుకు పట్టే శిలీంద్రాలు కూడా ఉన్నాయి. అవి మన చేలలోనే ఉన్నాయి. మనం పిలవకుండానే వచ్చి, కూలి అడగకుండా పని చేసిపోతున్నాయి. మనమే వాటిని గుర్తుపట్టక డబ్బు పెట్టి చంపుతున్నాం. ఈ సంగతి చెప్పడానికే లేచాం.

మేము చేసిన తప్పు

ముందు మా తప్పుతోనే మొదలుపెడతాం. కొన్నేళ్ల కిందట వినాయక చవితికి ముందు మా సోయా చేనులో లద్దె పురుగు పడింది. నాలుగు రోజులు ముసురు విడవలేదు. ఐదో రోజు ఒడ్ల మీద గడ్డి కోయడానికి పోయిన ఆడవాళ్లు వచ్చి, "ఆకుల కొసలకు తెల్లగ పురుగులు అతుక్కొని ఉన్నయి, మీ చేన్ల ఏదో రోగం జొచ్చింది" అని చెప్పారు. పోయి చూస్తే నిజమే. మొక్క పైకెక్కి, కాళ్లతో ఆకును గట్టిగా పట్టుకుని, పిండి చల్లినట్టు తెల్లబడి, కట్టెలా బిగుసుకుపోయిన పురుగులు కనిపించాయి. కొన్నింటి మీద లేత ఆకుపచ్చ పొడి ఉంది. ముట్టుకుంటే వేలికి అంటింది.

మేము భయపడ్డాం. పురుగుకు తోడు తెగులు కూడా వచ్చిందనుకున్నాం. మందుల దుకాణానికి పోయి ఫోన్‌లో ఫొటో చూపించాం. ఆయన ఫొటో సరిగ్గా చూడనే లేదు. పురుగుకు రెండు డబ్బాలు, తెగులుకు ఒక ప్యాకెట్ ఇచ్చి, మూడూ కలిపి కొట్టమన్నాడు. ఎకరానికి 1,800 రూపాయలు ఖాతాలో రాయించుకుని వచ్చి కొట్టాం. పంపు కొట్టిన తమ్ముడికి రాత్రి తలనొప్పి, వాంతులు. పొద్దున్నే దవాఖానాకు తీసుకుపోయాం.

పది రోజులకు ఎండ కాసింది. పురుగు మళ్లీ వచ్చింది. ఈసారి తెల్లబడిన పురుగు ఒక్కటి కూడా కనపడలేదు. గెట్టు అవతలి చేను వాళ్లకు అప్పుడు చేతిలో పైసలు లేక ఏ మందూ కొట్టలేదు. వాళ్ల చేనులో ఆకులకు చిల్లులు పడ్డాయి గానీ పురుగు ఆగిపోయింది. కాయ నిండింది. మా చేను మాత్రం రెండోసారి మందుకు పోయింది.

ఆ ఫొటోలు తర్వాత ఒక శాస్త్రవేత్తకు చూపించాం. ఆయన చెప్పిన మాట ఇప్పటికీ మా చెవుల్లోనే ఉంది: "ఇది మీ చేనుకు వచ్చిన రోగం కాదు, మీ పురుగుకు వచ్చిన రోగం." దాని పేరు మెటారైజియం రైలీ. పాత పుస్తకాల్లో నొమూరియా రైలీ అని ఉంటుంది. లద్దె పురుగు లాంటి గొంగళి పురుగులకు పట్టే శిలీంద్రం. వానలు, మబ్బులు, చేను గుబురుగా కమ్ముకుని ఉండటం, ఈ మూడూ కలిస్తే సోయా చేలలో దానంతట అదే వ్యాపిస్తుంది. మేము తెగులు మందు పేరుతో కొట్టింది శిలీంద్రాలను చంపే మందు. అంటే పురుగును చంపుతున్న దానినే మేము చంపుకున్నాం.

ఇది మా ఒక్కరి తప్పే కాదని తర్వాత తెలిసింది. 1970లలోనే అమెరికాలో సోయా చేలకు బెనోమిల్ అనే శిలీంద్రనాశిని కొట్టిన చోట ఈ బూజు తగ్గి, గొంగళి పురుగులు పెరిగాయని అక్కడి పరిశోధకులు చూశారు. యాభై ఏళ్ల కిందట తేలిన సంగతి మన ఊరి దుకాణం దాకా ఇంకా రాలేదు.

బూజు పురుగును ఎట్లా చంపుతుంది?

పురుగు మందు తాకితే, తింటే విషంలా పని చేస్తుంది. బూజు అట్లా కాదు, అది ప్రాణం ఉన్నది. దాని బీజాలు కంటికి కనపడనంత చిన్నవి. గాలిలో వచ్చి పురుగు ఒంటి మీద పడతాయి. తడి ఉంటే వడ్ల గింజ మొలకెత్తినట్టు మొలకెత్తుతాయి. పురుగు తోలును కరిగించే రసాలు వదిలి, సన్నటి దారంలా లోపలికి దూరుతాయి. లోపల రక్తంలో పెరుగుతూ దాని పోషకాలు తినేస్తాయి. కొన్ని రకాలు లోపల విషాలు కూడా తయారుచేస్తాయి. రెండు మూడు రోజుల్లో పురుగు తిండి తగ్గిస్తుంది, మందకొడిగా అవుతుంది. ఐదు నుంచి ఏడు రోజుల్లో చస్తుంది. గాలిలో తేమ ఉంటే చచ్చిన పురుగు తోలును చీల్చుకుని బూజు బయటికి వచ్చి మళ్లీ బీజాలు వేస్తుంది. ఒక పురుగు మీది నుంచి లెక్కలేనన్ని బీజాలు గాలిలో కలుస్తాయి. లద్దె పురుగు చచ్చే ముందు మొక్క కొసకు ఎక్కుతుంది. అక్కడి నుంచి గాలికి బీజాలు దూరం పోతాయి.

ఇందులో మనకు పనికొచ్చే సంగతి ఒకటి ఉంది. బీటీ, ఎన్‌పీవీ వైరస్ లాంటివి పురుగు తింటేనే పని చేస్తాయి. బూజుకు ఆ అవసరం లేదు, ఒంటికి తాకితే చాలు. అందుకే ఆకు నమలకుండా రసం మాత్రమే పీల్చే సుడిదోమ, తెల్లదోమ, పేనుబంక, పిండినల్లి మీద కూడా పని చేస్తుంది.

ఇది కొత్త సంగతి కూడా కాదు. 1835లో ఇటలీలో అగోస్టినో బస్సీ అనే ఆయన పట్టు పురుగులు తెల్లబడి చచ్చిపోవడానికి కారణం ఒక శిలీంద్రం అని రుజువు చేశాడు. ఆయన పేరు మీదనే దానిని బవేరియా బాసియానా అంటున్నాం. 1879లో ఒడెస్సా ప్రాంతంలో గోధుమను తినే పెంకు పురుగు మీద మెచ్నికోవ్ అనే శాస్త్రవేత్త ఆకుపచ్చ బూజును ప్రయత్నించాడు. అదే మెటారైజియం. ఐదేళ్లకు, 1884లో, ఉక్రెయిన్‌లోని స్మేలాలో చక్కెర దుంప పంట కోసం ఆ బూజును పెంచే కేంద్రమే పెట్టారు. డీడీటీ రాకముందు సంగతి ఇది. తర్వాత రసాయనాల కాలం వచ్చి దీనిని పక్కకు నెట్టింది. అయినా బ్రెజిల్ చెరకు తోటల్లో రసం పీల్చే పురుగు మీద మెటారైజియంను పెద్ద ఎత్తున వాడుతూనే ఉన్నారు.

2020 మే నెలలో మిడతల దండు మహారాష్ట్రలో అమరావతి, నాగపూర్ దాకా వచ్చినప్పుడు సరిహద్దు జిల్లాల వాళ్లం ఎంత భయపడ్డామో మీకు గుర్తుంది. అదే ఏడాది సోమాలియాలో మిడతల మీద మెటారైజియం జాతి బూజు మందును విమానాలతో చల్లారు. మేకలు, ఒంటెలు మేసే బీళ్లలో విషం చల్లలేక ఆ దారి ఎంచుకున్నారు. మన పొలాల్లోనూ బర్లు, మేకలు మేస్తాయి కదా.

మన పంటల్లో ఏ బూజు ఎక్కడ?

మక్కతో మొదలుపెడదాం. కత్తెర పురుగును మన దేశంలో మొదటిసారి 2018 మే నెలలో కర్ణాటకలోని శివమొగ్గ దగ్గర గుర్తించారు. అదే ఏడాది తెలంగాణకు వచ్చింది. మక్క సుడిలో దూరి కూర్చుంటుంది కాబట్టి పైన కొట్టిన మందు తగలదు. అయితే అదే సుడిలో రాత్రి మంచు నిలుస్తుంది, తడి ఉంటుంది. బూజుకు కావలసింది ఆ తడే. భారత వ్యవసాయ పరిశోధన మండలి సలహా ఇది: విత్తిన 15 నుంచి 25 రోజుల మధ్య మెటారైజియం అనైసోప్లియే పొడిని లీటరు నీటికి 5 గ్రాములు కలిపి సుడిలో పడేటట్టు కొట్టాలి. అవసరమైతే పది రోజుల తేడాతో ఇంకో ఒకటి రెండు సార్లు. పురుగు చిన్నగా ఉన్నప్పుడే కొట్టాలి. అది ఎదిగి సుడికి అడ్డంగా పిప్పి నింపుకున్నాక ఏ మందైనా దాని దగ్గరికి పోవడం కష్టం.

ఇక వరి. నిజాంసాగర్ కాలువల కింద, పోచారం ప్రాజెక్టు కింద వరి వేసే మనకు సుడిదోమ పెద్ద బాధ. అది దుబ్బు మొదట్లో, నీటికి కాస్త పైన ఉంటుంది. అక్కడ నీడ, చెమ్మ రెండూ ఉంటాయి. బూజుకు ఇంతకంటే మంచి చోటు లేదు. మెటారైజియం 1.15 శాతం పొడికి వరి సుడిదోమ మీద వాడటానికి కేంద్రంలో రిజిస్ట్రేషన్ ఉంది. కొట్టేటప్పుడు నాజిల్ దుబ్బు మొదటికి తిప్పాలి. నాట్లప్పుడే రెండు మీటర్లకు ఒక కాలిబాట తీస్తే మనిషి నడవడానికి, మందు అడుగు దాకా పోవడానికి దారి ఉంటుంది. బాటలు తీయకుండా పైపైన కొట్టి, "పని చేయలేదు" అంటే తప్పు బూజుది కాదు.

మాగి, అడ్లూర్ ఎల్లారెడ్డి చక్కెర ఫ్యాక్టరీల కింద చెరకు వేసేవాళ్లకు వేరు పురుగు సంగతి తెలుసు. తొలకరి వానలకు పెంకు పురుగులు భూమిలోంచి లేచి వేప చెట్ల మీద వాలతాయి, మళ్లీ భూమిలోనే గుడ్లు పెడతాయి. వాటి పిల్లలు తెల్లగా వంకర తిరిగి వేర్లు కొరుకుతాయి. భూమిలో గుళికలు ఎన్ని వేసినా అన్నీ పోవు. మెటారైజియం భూమిలోనే బతికే బూజు. ఎకరానికి రెండు కిలోల పొడిని బాగా మాగిన 100 కిలోల పశువుల ఎరువులో కలిపి, నీళ్లు చిలకరించి, నీడలో గోనె సంచి కప్పి వారం ఉంచి, భూమిలో పదును ఉన్నప్పుడు సాళ్లలో వేయాలి. పచ్చి పేడలో కలపకండి, ఆ వేడికి బీజాలు చస్తాయి. ఎండిన భూమిలో వేసి వదిలేయకండి.

పత్తిలో తెల్లదోమకు వర్టిసిల్లియం లెకాని, శనగలో కాయ తొలిచే పచ్చ పురుగుకు బవేరియా ఉన్నాయి. కానీ పత్తి గులాబీ రంగు పురుగు కాయ లోపల కూర్చున్నాక బూజు కూడా లోపలికి పోలేదు. దానికి లింగాకర్షక బుట్టలు, సమయానికి పంట తీసేసి మోళ్లు పీకేయడం, ఇవే దారి. అన్ని రోగాలకు ఒకే మందు అని చెప్పేవాడిని నమ్మొద్దు. బూజు గురించి చెప్తున్నా సరే, మమ్మల్ని కూడా అట్లా నమ్మొద్దు.

వాడే పద్ధతి

బూజు పని చేయలేదని చెప్పే రైతులను అడిగితే చాలాసార్లు నాలుగు కారణాల్లో ఒకటి బయటపడుతుంది.

మొదటిది, ఎండలో కొట్టడం. ఎండలోని అతినీలలోహిత కిరణాలు బీజాలను గంటల్లోనే చంపుతాయి. సాయంత్రం నాలుగు దాటాక కొట్టండి. రాత్రంతా తడి, చల్లదనం దొరికితే తెల్లారేసరికి బీజం మొలకెత్తుతుంది.

రెండోది, తేమ లేని కాలంలో కొట్టడం. గాలిలో తేమ 80 శాతం పైన ఉండి, వేడి 20 నుంచి 30 డిగ్రీల మధ్య ఉంటే బూజుకు బాగా నడుస్తుంది. 35 దాటితే చతికిలబడుతుంది. వానాకాలంలో ఒక వాన పడ్డాక, యాసంగిలో నీళ్లు పెట్టిన రోజు సాయంత్రం చూసుకుని కొట్టాలి.

మూడోది, మందులతో కలపడం. మాంకోజెబ్, కార్బెండజిమ్, హెక్సాకోనజోల్, ప్రొపికోనజోల్, కాపర్ మందులు ఏవైనా శిలీంద్రాన్ని దెబ్బతీసేవే. వాటితో కలపకూడదు, ముందు వెనక కనీసం వారం తేడా ఉండాలి. అదే పంపు వాడితే సబ్బు నీళ్లతో బాగా కడగాలి. వీలైతే ఊరికి రెండు పంపులు బూజు కోసమే విడిగా పెట్టుకుంటే మంచిది.

నాలుగోది, పురుగు ఎదిగాక కొట్టడం. దాని గురించి ఇందాకే చెప్పాం.

జాగ్రత్తలు కూడా ఉన్నాయి. ఇది విషం కాదు కదా అని ఉత్త ముఖంతో కొట్టకండి. పొడి ముక్కులోకి పోతే దగ్గు, ఆయాసం రావచ్చు. ముక్కుకు గుడ్డ కట్టుకోండి. ఉబ్బసం ఉన్నవాళ్లు ఈ పనికి దూరంగా ఉండాలి. మల్బరీ తోట పక్కన బవేరియా కొట్టకండి, అది పట్టు పురుగును కూడా చంపుతుంది. బస్సీ దానిని కనుక్కున్నదే పట్టు పురుగు మీద.

చచ్చిన ప్యాకెట్లు

ఇప్పుడు మనల్ని ముంచుతున్న సంగతికి వద్దాం. సోయా అనుభవం తర్వాత మేము ఉత్సాహంగా దుకాణంలో బవేరియా ప్యాకెట్లు కొన్నాం. శనగలో కొట్టాం. ఒక్క పురుగు కూడా తెల్లబడలేదు. ఇంటికి వచ్చి ఖాళీ కవరు వెనక్కి తిప్పి చూస్తే గడువు తేదీ మీద ఇంకో స్టిక్కర్ అంటించి ఉంది. గీకి చూస్తే గడువు ఆరు నెలల కిందటే అయిపోయింది. ఆ ప్యాకెట్లు రెండు ఎండాకాలాలు రేకుల షెడ్డులో యూరియా బస్తాల పక్కన పడి ఉన్నాయని తర్వాత తెలిసింది. లోపల ఉన్నది ఉత్త సుద్దపొడి. మేము చచ్చిన విత్తనం చల్లి మొలక కోసం చూశాం.

ఇవి కూడా 1968 నాటి క్రిమిసంహారక మందుల చట్టం కిందికే వస్తాయి. రిజిస్ట్రేషన్ లేకుండా అమ్మకూడదు. బవేరియా 1.15 శాతం పొడిలో గ్రాముకు కనీసం 10 కోట్ల బతికిన బీజాలు ఉండాలి. ప్యాకెట్ మీద శిలీంద్రం పూర్తి పేరు, బీజాల లెక్క, రిజిస్ట్రేషన్ నంబరు, బ్యాచ్ నంబరు, తయారీ తేదీ, గడువు తేదీ ఉన్నాయా చూడండి. బిల్లు అడిగి తీసుకోండి. బిల్లు లేకపోతే రేపు మనకు అడిగే హక్కు ఉండదు. ఇంటికి తెచ్చాక మీరు కూడా అటక మీద పెట్టకండి. చల్లగా, నీడగా ఉన్న చోట పెట్టండి.

ఇంకో గుర్తు చెప్తాం. ఇందాక నవ్విన తమ్ముడే ఇంకో మాట అన్నాడు: "కాకా, మొన్న బయో మందు అని ఇచ్చిండు, రెండు గంటల్ల పురుగు రాలింది, మస్తు పని చేసింది." తమ్ముడూ, రెండు గంటల్లో పురుగు రాలితే అది బూజు కాదు. బీజం మొలకెత్తడానికే ఒక రాత్రి పడుతుంది. బయో అని రాసి లోపల రసాయన మందు కలిపి ఉంటే తప్ప అట్లా రాలదు. నీకు తెలియని మందును, ఎంత ఉందో తెలియని మందును, ముక్కుకు గుడ్డ కూడా కట్టకుండా కొట్టావన్నమాట. 2017లో మన పక్కనే మహారాష్ట్రలోని యవత్మాల్ జిల్లాలో పత్తికి మందు కొడుతూ 20 మందికి పైగా రైతులు, కూలీలు చనిపోయారు. అది మరిచిపోవద్దు.

వారం రోజులు ఆగేదెవరు?

ఇక్కడ ఒక కష్టం ఉంది, దాచిపెట్టడం న్యాయం కాదు. బూజుకు వారం పడుతుంది. సొంత భూమి, కాస్త నిలదొక్కుకున్న రైతు వారం ఆగగలడు. ఎకరానికి ఇంత అని ముందే కౌలు కట్టి, దుకాణంలోనే విత్తనం, ఎరువు, మందు అప్పు తెచ్చిన కౌలు రైతు ఎట్లా ఆగుతాడు? చేనులో పురుగు కనపడితే అతనికి నిద్ర పట్టదు. అప్పు ఇచ్చినవాడే మందు అమ్మేవాడు కూడా. "కొట్టకపోతే పంట పోతది, నా పైసలు ఎవరిస్తరు?" అని అతనే అడుగుతాడు. భయంలో ఉన్న మనిషికి ఓపిక గురించి పాఠం చెప్తే పని కాదు.

అందుకే ఇది ఒక్కొక్కరు చేసే పని కాదు, ఊరు కలిసి చేయాలి. సోయా మొక్క పూతకు ముందు ఆకులో నాలుగో వంతు దాకా పోయినా తట్టుకుంటుంది. ఈ మాట కౌలు రైతుకు దుకాణదారు చెప్పడు, మనం చెప్పాలి. పురుగు కనపడగానే పరుగెత్తకుండా చేనులో ఐదు చోట్ల, చోటుకు పది మొక్కలు చూద్దాం. పురుగులు ఎన్ని, వాటిలో తెల్లబడినవి, మందకొడిగా ఉన్నవి ఎన్ని అని నోటు బుక్‌లో రాద్దాం. తెల్లబడినవి పెరుగుతుంటే మందు ఆపి మూడు రోజులకు మళ్లీ చూద్దాం. పెరగకుండా పురుగు హద్దు దాటుతుంటే అప్పుడు వేరే మందు గురించి ఆలోచిద్దాం. పూర్తిగా రసాయనం ముట్టొద్దని మేము చెప్పడం లేదు. చూడకుండా కొట్టొద్దని చెప్తున్నాం. చేనును రోజూ దగ్గరగా చూసేది కలుపు తీసే, గడ్డి కోసే ఆడవాళ్లే. మా సోయాలో ఆ పురుగులను మొదట చూసింది వాళ్లే. కాబట్టి ఈ నేర్పు ముందు వాళ్లకే అందాలి.

మనం అడగవలసినవి

కోనసీమలో కొబ్బరికి సర్పిలాకార తెల్లదోమ వచ్చినప్పుడు అంబాజీపేట ఉద్యాన పరిశోధనా స్థానం ఇసారియా అనే శిలీంద్రాన్ని పెంచి రైతులకు ఇచ్చింది. మూల బీజం బెంగళూరులోని జాతీయ వ్యవసాయ కీటక వనరుల సంస్థ నుంచి వచ్చింది. పెంచే పద్ధతి రైతులకూ నేర్పారు. కొబ్బరి రైతుకు దొరికింది మక్క రైతుకు, సోయా రైతుకు ఎందుకు దొరకదు? రాజేంద్రనగర్‌లో జాతీయ మొక్కల ఆరోగ్య యాజమాన్య సంస్థ ఉంది. ఈ శిలీంద్రాలను ఊళ్లోనే పెంచే శిక్షణ అక్కడ ఇస్తారు. మన పక్కనే రుద్రూర్‌లో వ్యవసాయ విశ్వవిద్యాలయం వారి పరిశోధనా స్థానం, కృషి విజ్ఞాన కేంద్రం ఉన్నాయి. నేర్పేవాళ్లు ఉన్నారు, నేర్చుకోవలసిన మనం ఉన్నాం. మధ్యలో వంతెన లేదు.

పెంచడం మరీ కష్టమైన పని కాదు. నూకలు లేదా జొన్నలు సగం ఉడికించి, సంచుల్లో నింపి, ప్రెషర్ కుక్కర్‌లో వేరే క్రిములు లేకుండా చేసి, చల్లారాక మూల బీజం కలిపి, చల్లటి గదిలో రెండు వారాల పైన ఉంచితే గింజల మీద బూజు నిండుగా పడుతుంది. కానీ శుభ్రత తప్పితే నల్ల బూజు, వేరే బూజులు పడతాయి. అటువంటి సంచిని చేనులో చల్లకూడదు, పారేయాలి. అందుకే శిక్షణ, పరీక్ష తప్పనిసరి.

కాబట్టి సంఘం తరఫున ఈ డిమాండ్లు పెడుతున్నాం. ఎల్లారెడ్డి, కామారెడ్డి డివిజన్లలో ఒక్కొక్క జీవ నియంత్రణ ఉత్పత్తి కేంద్రం పెట్టాలి. మూల బీజం విశ్వవిద్యాలయం నుంచి రావాలి. పెంచే పని శిక్షణ ఇచ్చి మహిళా సంఘాలకు అప్పగించాలి. రాష్ట్రంలో 2,601 రైతు వేదికలు కట్టారు. మీటింగులు లేని రోజు వాటికి తాళాలే కనపడుతున్నాయి. అందులో ఒక గదిని, ఒక ఫ్రిజ్‌ను దీనికి కేటాయిస్తే చాలు. బయో పేరుతో అమ్మే మందుల శాంపిళ్లు ప్రతి సీజన్‌కు ముందే తీసి, ఫలితాలు రైతు వేదిక గోడ మీద అంటించాలి. చేలలో బూజు వ్యాపిస్తున్నప్పుడు మందు కొట్టొద్దని ఏఈఓలు ఊరూరా చెప్పాలి. కౌలు రైతులకు పట్టా కాగితం అడగకుండా ఈ మందులు ఇవ్వాలి.

ప్రభుత్వం ఇచ్చేదాకా చేతులు కట్టుకుని కూర్చోవద్దు. ఈ వానాకాలం ప్రతి ఊరి నుంచి ముగ్గురు, అందులో ఇద్దరు ఆడవాళ్లు, శిక్షణకు పేర్లు ఇవ్వండి. ఊరికి ఒక చేనును ఎంచుకుని, చూసి రాసే పని మొదలుపెడదాం. నష్టం వస్తే ఆ ఒక్కరి మీదే పడకుండా అందరం తలా కొంత భరిద్దాం. వచ్చే దసరా తర్వాత మళ్లీ ఇక్కడే కూడి ఆ నోటు బుక్కులు తెరిచి చూద్దాం. పని చేసిన చోటు, చేయని చోటు, రెండూ చెప్పుకుందాం.

ఈసారి ముసురు పట్టినప్పుడు చేనులోకి పోండి. ఆకు కొసకు తెల్లటి పురుగు అతుక్కుని కనపడితే దులపకండి, పీకకండి. పక్కవాళ్లను పిలిచి చూపించండి. ఆ రోజు పంపు ఇంట్లోనే ఉండనివ్వండి.

సెలవు. రైతుల ఐక్యత వర్ధిల్లాలి.